బీసీజీ వేయించిన పాపకు మాంటూ పరీక్షలో వాపు వస్తే దాన్ని టీకా ఖాతాలో వేసి ఊరుకోవచ్చా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. నా మరిది గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోట్ల మీద పనిచేస్తాడు. ఈసారి సీజను ముగియకముందే దగ్గుతో, జ్వరంతో ఇంటికి వచ్చేశాడు. నెలన్నర తరువాత కళ్ళె పరీక్ష చేస్తే టీబీ అని తేలింది, మందులు మొదలుపెట్టారు. ఆ నెలన్నరా మా పిల్లలిద్దరూ చిన్నాన్న పక్కనే పడుకున్నారు. పాపకు ఏడేళ్ళు, బాబుకు మూడేళ్ళు. ఇద్దరికీ పుట్టగానే బీసీజీ వేయించాము. పాప చేతికి మచ్చ ఉంది, బాబుకు లేదు. పీహెచ్‌సీ వారు బాబుకు మాంటూ ఏమీ చేయకుండా, చూసి, ఆరు నెలల మందు ఇచ్చారు. పాపకు మాంటూ చేస్తే 14 మిల్లీమీటర్లు వచ్చింది. ఎక్స్‌రే తీయించి మందు మొదలుపెడదామన్నారు. బరంపురంలో ఒక డాక్టరుగారికి చూపిస్తే బీసీజీ వేసిన పిల్లలకు అలాగే వస్తుందనీ, పట్టించుకోవద్దనీ అన్నారు. ఇంకొకరు టీబీ గోల్డ్ రక్తపరీక్ష చేయించమన్నారు. పాప తింటోంది, ఆడుకుంటోంది, దగ్గు లేదు. ఎవరి మాట వినాలి? బాబుకు మళ్ళీ బీసీజీ వేయించాలా? పాపను బడికి పంపవచ్చా? మా మామగారు డయాలసిస్ మీద ఉన్నారు, ఆయన సంగతేమిటి? — ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ చేతిలో ఒకదానికొకటి పొసగని మూడు సలహాలు ఉన్నాయి గనుక ముందుగా నా అభిప్రాయం చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. మీ పాప విషయంలో పీహెచ్‌సీ వారు చెప్పినదే సరైన దారి. కళ్ళెలో టీబీ క్రిములు ఉన్న మనిషి పక్కన నెలన్నర పాటు పడుకున్న ఏడేళ్ళ పిల్లకు మాంటూ పరీక్షలో 14 మిల్లీమీటర్ల గట్టి వాపు వచ్చినప్పుడు, దాన్ని పుట్టినప్పుడు వేసిన టీకా ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఛాతీ ఎక్స్‌రే తీయించి, పాపను డాక్టరు చేత పూర్తిగా పరీక్ష చేయించి, జబ్బు లేదని తేలాక నివారణ మందు, అంటే సోకిన క్రిమి జబ్బుగా మారకుండా ఆపే మందు, మొదలుపెట్టించండి. టీబీ గోల్డ్ ఫలితం కోసం ఆగనక్కరలేదు.

బరంపురంలో మీరు విన్న మాటకు ఆధారం లేకపోలేదు. మాంటూ పరీక్షలో చర్మం పొరల్లోకి ఎక్కించే మందు, అంటే ట్యూబర్‌క్యులిన్, క్షయ క్రిముల నుంచి తీసిన ఎన్నో ప్రోటీన్ల మిశ్రమం. 1890లో రాబర్ట్ కోఖ్ దీన్ని చికిత్సకు పనికివస్తుందని భావించి తయారుచేశారు. చికిత్సగా విఫలమైనా, క్రిమి ఒంట్లో చేరిందో లేదో కనిపెట్టడానికి పనికివచ్చింది. ఫ్రెంచి వైద్యుడు షార్ల్ మాంటూ 1908 ప్రాంతంలో దాన్ని చర్మం లోపలికి సూదితో ఇచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇక బీసీజీ టీకాలో ఉన్నది పశువులకు క్షయ కలిగించే క్రిమిని ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో పెంచి బలహీనపరిచిన రూపం. దీన్ని ఆల్బెర్ కాల్మెత్, కమీల్ గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు తయారుచేయగా, 1921లో తొలిసారిగా ఒక శిశువుకు ఇచ్చారు. మాంటూ మందులోని ప్రోటీన్లలో చాలా భాగం బీసీజీ క్రిమిలోనూ ఉంటాయి గనుక, టీకా వేసుకున్న మనిషి చర్మం ఆ మందును గుర్తుపట్టి వాచే అవకాశం ఉంది. ఇంతవరకు ఆ డాక్టరుగారి మాట నిజమే.

అయితే ఆ గుర్తు ఎంతకాలం నిలుస్తుందన్నది టీకా ఏ వయసులో వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. బడి ఈడులోనో, ఒకటికి రెండుసార్లో బీసీజీ వేసే దేశాల్లో దాని ప్రభావం చర్మంలో చాలా ఏళ్ళు నిలిచి పరీక్షను తారుమారు చేస్తుంది. మన దేశంలో బీసీజీని పుట్టగానే, వీలుకాకపోతే ఏడాది నిండేలోగా, ఒకే ఒక్కసారి వేస్తారు. అలా శైశవంలో టీకా వేసుకున్నవారి మీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2006లో లెక్క కట్టినప్పుడు, కేవలం బీసీజీ కారణంగా 10 మిల్లీమీటర్లు దాటిన వాపు వచ్చినవారు నూటికి ఆరుగురు మాత్రమేనని తేలింది. టీకా వేసి పదేళ్ళు దాటాక పరీక్షించినవారిలో ఆ సంఖ్య నూటికి ఒకరికి పడిపోయింది. మీ పాపకు టీకా వేసి ఏడేళ్ళయింది. "బీసీజీ వేసిన పిల్లలకు అలాగే వస్తుంది" అన్న మాట అక్షరాలా నిజమైతే, మన జిల్లాలో ఏ బడికి వెళ్ళి మాంటూ చేసినా పిల్లలందరికీ వాపు రావాలి. అలా రాదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ 14 అనే అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. అది ఏ ఇంటి పిల్లకు వచ్చిందో చూడాలి. ఇంట్లోగాని, పక్కింట్లోగాని టీబీ రోగి ఎవరూ లేని పిల్లకు ఏదో కారణంతో మాంటూ చేసి అంతే వాపు వచ్చిందనుకోండి. అక్కడ సందేహించి, మరో పరీక్షతో సరిచూసుకోవడంలో అర్థం ఉంది. మీ ఇంటి పరిస్థితి వేరు. కళ్ళెలో క్రిములున్న రోగి నివసించిన ఇళ్ళలోని పిల్లలను మన దేశంలో పరీక్షించినప్పుడు ముగ్గురిలో ఒకరికి అటూఇటూగా సంక్రమణ కనిపిస్తుంది. సుమారుగా లెక్క వేసి చూద్దాం. అలాంటి ఇళ్ళలో నూరుమంది పిల్లలుంటే ముప్ఫై ముగ్గురికి నిజంగానే క్రిమి సోకి ఉంటుంది. మిగిలిన అరవై ఏడుగురిలో బీసీజీ మూలంగా వాపు వచ్చేవారు నూటికి ఆరుగురు చొప్పున నలుగురు. అంటే వాపు వచ్చిన ముప్ఫై ఏడుగురిలో టీకా వల్ల వచ్చినవారు నలుగురే, మిగతావారంతా క్రిమి సోకినవారే. మీ పాప ఆ నలుగురిలో ఒకరని నమ్మి మందు మానెయ్యడానికి నాకు ధైర్యం చాలదు.

ఇక 14 అన్న కొలత ఎంతవరకు నమ్మదగినదో కూడా చూద్దాం. మాంటూ పరీక్షలో తప్పులు ఎక్కువగా దొర్లేది సూది వేసేటప్పుడు, కొలిచేటప్పుడు. మోచేతికి దిగువన ముంజేతి లోపలి వైపున 0.1 మిల్లీలీటరు మందును చర్మం పై పొరల్లోకే ఎక్కించాలి. సరిగ్గా ఎక్కితే అక్కడ వెంటనే తెల్లగా, నారింజ తొక్కలా గుంటలు పడిన చిన్న బొబ్బ లేస్తుంది; బొబ్బ లేవలేదంటే మందు చర్మం కిందికి జారిపోయిందని అర్థం. కొలవవలసినది రెండు రోజులు నిండాక, మూడు రోజులు దాటకముందు. కొలవవలసినది ఎర్రదనాన్ని కాదు, వేలికి తగిలే గట్టిదనాన్ని. ఎర్రదనం అరచెయ్యంత ఉన్నా గట్టిదనం లేకపోతే ఆ ఫలితం సున్నా. తెలిసినవారు చేసే పద్ధతి ఇది: చేతిని బల్ల మీద వదులుగా చాపించి, బాల్‌పెన్నును వాపుకు కాస్త దూరంలో చర్మం మీద ఆనించి, వాపు వైపు మెల్లగా గీత గీస్తూ వస్తారు, గట్టిదనం అంచు తగలగానే పెన్ను ఆగుతుంది. రెండో వైపు నుంచి కూడా అలాగే గీస్తారు. ఆ రెండు గీతల చివరల మధ్య దూరాన్ని, చేతి పొడవు వెంట కాకుండా అడ్డంగా, స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లలో రాస్తారు. మీ పాపకు కొలిచినవారు ఇలా చేశారో లేదో గుర్తు తెచ్చుకోండి. ఎవరో కంటితో చూసి "పెద్దదే వచ్చింది" అని రాసి ఉంటే, ఎప్పుడు, ఎలా కొలిచారని పీహెచ్‌సీలో అడగడంలో తప్పు లేదు. మీకు 14 అని కచ్చితమైన అంకె ఇచ్చారు గనుక స్కేలుతోనే కొలిచారనుకుంటున్నాను.

ఎక్కించిన మందు మోతాదు కూడా కాగితం మీద ఉంటే చూడండి. మన దేశంలో పిల్లలకు సరైనదిగా భావించేది 2 యూనిట్ల ట్యూబర్‌క్యులిన్; 5 యూనిట్లది కూడా వాడుకలో ఉంది. 10 యూనిట్లది వాడితే ఫలితాన్ని నమ్మలేము. ఇంకొక సంగతి. మనది వేడి, తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతం. ఇలాంటి చోట మట్టిలోనూ, నీళ్ళలోనూ క్షయ క్రిమికి దూరపు బంధువులైన హానిలేని క్రిములు విస్తారంగా ఉంటాయి. వాటి పరిచయం వల్ల ఆరు, ఏడు, ఎనిమిది మిల్లీమీటర్ల చిన్న వాపులు చాలామందిలో వస్తాయి. అందుకే మన దేశంలో మామూలు పిల్లలకు 10 మిల్లీమీటర్లు, హెచ్ఐవీ ఉన్నవారికి, ఒంట్లో రక్షణశక్తి బాగా తగ్గినవారికి 5 మిల్లీమీటర్లు హద్దుగా పెట్టుకున్నారు. టీకా వల్లగాని, మట్టిలోని క్రిముల వల్లగాని వచ్చే చిన్న వాపులను పక్కన పెట్టడానికే ఆ పది అన్న గీత గీశారు. దాన్ని దాటిన వాపును మళ్ళీ టీకా పేరు చెప్పి కొట్టివేస్తే ఆ పరీక్ష చేయడమే దండగ అవుతుంది.

టీబీ గోల్డ్ అని మన లాబుల్లో పిలిచే రక్తపరీక్ష బీసీజీ వేసినవారి కోసమే కనిపెట్టారా అన్నట్టు ఉంటుంది. క్షయ క్రిమిలో ఉండి, బీసీజీ క్రిమిలో లేని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రోటీన్లను పిల్లవాడి రక్తంతో కలిపి, శరీర ఉష్ణోగ్రతలో పదహారు నుంచి ఇరవైనాలుగు గంటలు ఉంచి, రక్తకణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని ఎంత విడుదల చేశాయో కొలుస్తారు. టీకా ప్రభావం దీని మీద పడదు. ఇది మంచి పరీక్షే. కాని ఖర్చు వేలల్లో ఉంటుంది, సిర నుంచి రక్తం తీయాలి, ఆ రక్తం వేళకు లాబుకు చేరాలి. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఏదీ తేలని ఫలితం వచ్చే సందర్భాలు పెద్దవారిలో కంటే ఎక్కువ. వీటన్నిటి కంటే నేను చూసే సంగతి ఒకటే: ఈ ఫలితం వచ్చాక మీరు చేసే పని మారుతుందా? పాజిటివ్ వస్తే మందు వేస్తాము. నెగటివ్ వస్తే, ఇంత దగ్గరగా రోగితో గడిపిన పిల్లకు ఒక పరీక్షలో వచ్చిన స్పష్టమైన సూచనను రెండో పరీక్ష పేరుతో చెరిపివేయడానికి నేను ఒప్పుకోను. ఇలాంటి పిల్లల్లో రెండింటిలో ఏ ఒక్కటి పాజిటివ్ అయినా సంక్రమణగానే తీసుకోవాలి. ఎటు వచ్చినా మందు వేయవలసినప్పుడు ఆ డబ్బు పిల్లల గుడ్లకూ పాలకూ పెట్టండి. రోగితో సంపర్కం లేని పిల్లకు మాంటూ పాజిటివ్ వచ్చినప్పుడు మాత్రం టీబీ గోల్డ్ నిజంగా దారి చూపుతుంది.

ఆ ప్రోటీన్లతోనే మాంటూలాగా చేతికి వేసే కొత్త రకం చర్మపరీక్షలు కూడా వచ్చాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని సిఫారసు చేసింది. మన దేశంలో సై-టీబీ పేరుతో తయారవుతున్న దాన్ని మొదట 18 ఏళ్ళు నిండినవారి కోసం తెచ్చారు. పిల్లల విషయంలో ఇప్పటికీ మనకు బాగా అందుబాటులో ఉన్నది మాంటూయే. ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక: రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసి జబ్బు చెబుతామనే పరీక్షలు నమ్మదగినవి కావని కేంద్ర ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది. ఎవరైనా ఆ పేరుతో రక్తం తీస్తామంటే వద్దనండి.

బాబు విషయంలో మాంటూ లేకుండా మందు ఇచ్చినందుకు మీకు కలిగిన అనుమానం సహజమే, కాని వారు చేసినది జాతీయ మార్గదర్శకాల ప్రకారమే. ఐదేళ్ళలోపు పిల్లలు టీబీ రోగి ఉన్న ఇంట్లో ఉంటే, జబ్బు లక్షణాలు లేవని చూసుకుని, చర్మపరీక్షతో పనిలేకుండా నివారణ మందు ఇవ్వాలని చెబుతారు. ఎందుకంటే ఆ వయసులో క్రిమి సోకితే అది జబ్బుగా మారే వేగం చాలా ఎక్కువ. ఎన్నో దేశాల పిల్లల వివరాలను కలిపి 2020లో ప్రచురించిన విశ్లేషణలో, సంక్రమణ ఉండి నివారణ మందు అందని ఐదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు నూటికి పంతొమ్మిది మంది రెండేళ్ళలో జబ్బు పడ్డారు. పైగా క్రిమి సోకిన వెంటనే మాంటూ పాజిటివ్ కాదు. చర్మానికి ఆ గుర్తు రావడానికి రెండు నుంచి ఎనిమిది, పది వారాలు పట్టవచ్చు. తిండి సరిగా అందని పిల్లల్లో అసలు వాపు రాకపోవచ్చు. అంతవరకు ఆగితే చిన్నపిల్లల్లో ఆలస్యమైపోతుంది.

బాబు చేతికి మచ్చ లేకపోవడం గురించి కంగారు పడకండి. టీకా సరిగ్గా వేసినా కొందరు పిల్లల్లో మచ్చ పడదు. మచ్చ లేదని మళ్ళీ బీసీజీ వేయనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. అలాగే పాప చేతికి మచ్చ ఉండడం ఆమెకు క్రిమి సోకలేదనడానికి సాక్ష్యం కాదు. బీసీజీ చేసే మేలు పెద్దదే, కాని దానికి హద్దులున్నాయి. మెదడు పొరలకు పట్టే క్షయనూ, ఒళ్ళంతా పాకే మిలియరీ క్షయనూ అది చిన్నపిల్లల్లో బాగా అడ్డుకుంటుంది. ఆ రెండూ ప్రాణాలు తీసేవి, బతికినా వైకల్యం మిగిల్చేవి. ఆ ఒక్క కారణానికే ప్రతి బిడ్డకూ ఆ టీకా వేయించాలి. కాని క్రిమి లోపలికి చేరకుండా ఆపడంలో దాని శక్తి తక్కువ: రోగుల దగ్గర మసలిన పిల్లలను పరిశీలిస్తే, టీకా వేసినవారిలో సంక్రమణ సుమారు ఐదో వంతు మాత్రమే తగ్గింది. ఈ హద్దులు కొత్తగా తెలిసినవి కావు. 1948లోనే మద్రాసు గిండీలో బీసీజీ తయారీ మొదలైంది. ఆ కాలంలోనే మన మదనపల్లెలో క్షయ వైద్యులు దాని మీద పెద్ద పరిశోధన ప్రారంభించారు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన భారీ అధ్యయనం, పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపడం లేదని తేల్చింది. టీకా వేయించామన్న ధీమాతో ఇంట్లో దగ్గుతున్న మనిషిని నెలన్నర పరీక్షకు పంపకుండా ఉండడమే మన పల్లెల్లో పిల్లలకు ఎక్కువ కీడు చేస్తోంది. మిమ్మల్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. వలస వెళ్ళి తిరిగివచ్చిన మనిషి దగ్గును ఉప్పుగాలికో, బీడీకో అంటగట్టడం తీరం వెంబడి అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే.

ఇప్పుడు అసలు తొందరగా చేయవలసిన పనికి వస్తాను. మాంటూ పాజిటివ్ అంటే పాపకు జబ్బు ఉందని కాదు. క్రిమి ఒంట్లోకి చేరి, ప్రస్తుతం నిద్రావస్థలో ఉండి ఉంటుంది. కాని ఆ పరీక్ష నిద్రపోతున్న క్రిమికీ, లేచి జబ్బుగా మారినదానికీ తేడా చూపదు. మాంటూయే కాదు, టీబీ గోల్డ్ కూడా చూపదు. ఆ తేడా చెప్పవలసినది డాక్టరు పరీక్ష, ఎక్స్‌రే. నివారణ మందు ఒకటి రెండు రకాల మందులతోనే ఉంటుంది. జబ్బు ఉన్న పిల్లకు పొరపాటున అంతమాత్రమే ఇస్తే క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. అందుకే ఎక్స్‌రే తప్పనిసరిగా తీయించండి. సోంపేట ఆసుపత్రిలో కుదరకపోతే పలాసకో, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికో వెళ్ళండి. పిల్లల్లో టీబీ పెద్దవారిలోలా కళ్ళెతో, రక్తంతో బయటపడదు. చాలాసార్లు ఊపిరితిత్తుల మూలాల దగ్గర బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) ఉబ్బి ఎక్స్‌రేలో కనిపిస్తాయి. మెడ దగ్గర బిళ్ళలు కట్టాయేమో మీరే వేళ్ళతో తడిమి చూడండి. రెండు వారాలు దాటిన దగ్గు, రెండు వారాలు దాటిన జ్వరం, మూడు నెలల్లో బరువు తగ్గడం లేదా ఎంత తిన్నా పెరగకపోవడం, మునుపటిలా ఆడకుండా ముడుచుకు పడుకోవడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పండి. బాబు విషయంలో అంగన్‌వాడీలో రాసిన బరువులను, పాప విషయంలో బడిలో తూచిన బరువులను వెంట తీసుకువెళ్ళండి. తల్లి "బాగానే ఉంది" అన్న మాట కంటే ఆ అంకెలు ఎక్కువ చెబుతాయి. ఎక్స్‌రేలో అనుమానం వస్తే పరగడుపున ముక్కు ద్వారా సన్నటి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీసి, టీబీ క్రిమిని కనిపెట్టే ట్రూనాట్ లేదా సీబీనాట్ పరీక్షకు పంపుతారు, ఎందుకంటే పిల్లలు కళ్ళెను ఉమ్మకుండా మింగేస్తారు. అది చూడడానికి బాధగా ఉన్నా వద్దనకండి.

జబ్బు లేదని తేలితే, మందు ఎంపికకు ముందు ఒక కాగితం చూడాలి. అది మీ మరిది కళ్ళె పరీక్ష నివేదిక. ట్రూనాట్, సీబీనాట్ పరీక్షలు క్రిమి ఉందో లేదో చెప్పడంతో పాటు రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. లొంగని రకం అయితే పిల్లలకు ఇచ్చే నివారణ మందు వేరుగా ఉంటుంది, ఇప్పటికే బాబుకు ఇస్తున్నది కూడా మార్చవలసివస్తుంది. బాబుకు మందు ఇచ్చేముందు ఇది చూశారా అని అడిగి తెలుసుకోండి. ఇది అడగడం మీ హక్కు.

లొంగే రకమే అయితే పాపకు రెండు మార్గాలున్నాయి. ఒకటి బాబుకు ఇస్తున్నట్టే ఐసోనియాజిడ్ మాత్ర రోజూ ఆరు నెలలు. రెండోది ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒక్కసారి చొప్పున పన్నెండు వారాలు. ఇది రెండేళ్ళు నిండిన పిల్లలకు ఇవ్వవచ్చు. రెండూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. దొరికితే నేను రెండోదానికే మొగ్గుతాను, ఎందుకంటే ఆరోగ్యంగా గంతులేసే పిల్ల చేత ఆరు నెలలు రోజూ మాత్ర మింగించడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు; మూడో నెలలో చాలామంది మానేస్తారు. ఆదివారమో, బడిలేని మరో రోజో ఎంచుకుని ప్రతివారం అదే రోజున వేయండి. మాత్రల సంఖ్య పాప బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి; బాబు మాత్రలు పాపకు సర్దకండి. రిఫాపెంటిన్ వేసిన రోజు మూత్రం నారింజ రంగులో రావచ్చు, దానికి భయపడనక్కరలేదు. ఆకలి పూర్తిగా పోవడం, పదే పదే వాంతులు, కళ్ళు పచ్చబడడం, మూత్రం ముదురు టీ రంగులోకి మారడం కనిపిస్తే మాత్రం మందు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించండి. పిల్లల్లో ఇలా జరగడం అరుదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఇన్నాళ్ళు మందెందుకని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు. వారికి ఇలా చెప్పండి. 2020 నాటి ఆ విశ్లేషణలోనే, పరీక్షలో సంక్రమణ తేలిన పిల్లల్లో నివారణ మందు వేసుకున్నవారికి జబ్బు వచ్చే అవకాశం నూటికి తొంభై పాళ్ళు తగ్గింది. మందు వేయని పిల్లల్లో జబ్బు ఎక్కువగా బయటపడేది మొదటి నెలల్లోనే. అందుకే "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్న సలహా పెద్దవారిలో కొన్నిసార్లు పనికివచ్చినా, పిల్లల దగ్గర నాకు నచ్చదు.

మందు పూర్తయ్యాక మాంటూ మళ్ళీ చేయించకండి. ఒకసారి పాజిటివ్ అయినది ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, మందు పనిచేసిందో లేదో దానితో తెలియదు. పాప టీకాల కార్డు వెనుక మాంటూ తేదీ, కొలత, వేసిన మందు పేరు, ముగిసిన తేదీ రాయించి భద్రపరచండి. రేపు నర్సింగు చదువుకో, విదేశానికో వెళ్ళేటప్పుడు పరీక్ష చేస్తే ఆ కాగితమే ఆమె వైపు మాట్లాడుతుంది.

బడికి పాపను నిశ్చింతగా పంపండి. సంక్రమణ మాత్రమే ఉన్న పిల్ల దగ్గరి నుంచి ఎవరికీ ఏదీ అంటదు. పక్కన కూర్చున్నా, కంచం పంచుకున్నా ఏమీ కాదు. బడిలో చెప్పవలసిన అవసరం లేదు, సెలవు పెట్టించవలసిన అవసరం అంతకన్నా లేదు. మీ మరిదికి వాడుతున్న మందుకు క్రిమి లొంగేదైతే, కొద్ది వారాల్లోనే ఆయన నుంచి వ్యాపించడం బాగా తగ్గిపోతుంది. అంతవరకు గాలి తగిలే వసారాలో పడక వేసి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. ఆయనను వెలివేసినట్టు చూడకండి. ఆయన మందులు చివరివరకు వేసుకుంటేనే మీ పిల్లలు క్షేమంగా ఉంటారు, అందుకు మీ ఆదరణ ఆయనకు కావాలి.

మీ మామగారి విషయం మీరు చివర రాశారు గాని, ఇంట్లో పిల్లల తరువాత నేను ఎక్కువగా ఆలోచించేది ఆయన గురించే. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నవారు ఇంటింటా కనిపిస్తారు. వారిలో రక్షణశక్తి తగ్గి ఉంటుంది గనుక క్రిమి సోకితే జబ్బుగా మారే ముప్పు మామూలు మనిషికంటే చాలా ఎక్కువ. వారిలో మాంటూ తప్పుగా నెగటివ్ రావచ్చు. డయాలసిస్ రోగులకు నివారణ మందు ఇవ్వాలని జాతీయ మార్గదర్శకాలు విడిగా చెబుతున్నాయి, అయితే మోతాదును, డయాలసిస్ రోజున ఎప్పుడు వేయాలన్నదాన్ని ఆయనను చూసే డాక్టరు, టీబీ విభాగం వారు మాట్లాడుకుని నిర్ణయించాలి. మీరు, మీ భర్త, అత్తగారు కూడా ఎక్స్‌రే తీయించుకోండి. పెద్దవారికి మాంటూ సదుపాయం లేదన్న కారణంతో నివారణ మందు ఆపకూడదని 2021 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది. పీహెచ్‌సీలో ఎవరైనా కుదరదంటే ఆశా కార్యకర్తను వెంట తీసుకుని టీబీ యూనిట్ సూపర్‌వైజరును కలవండి, లేదా 1800-11-6666 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి మీ మరిది నిక్షయ్ నంబరు, అంటే టీబీ రోగిగా ఆయనను ప్రభుత్వం నమోదు చేసిన నంబరు, చెప్పండి; ఆ నంబరు ఆయన చికిత్స కార్డు మీద ఉంటుంది.